పూల్‌లో బాగున్న స్కూబా రెగ్యులేటర్ సముద్రంలో ఎందుకు బిగుస్తుంది?

రెగ్యులేటర్ అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం. విజయవాడలో పూల్‌లో ఆక్టోపస్ (ఇంకొకరికి ఇవ్వడానికి రెగ్యులేటర్‌కుండే రెండో మౌత్‌పీస్) పంచుకోవడం, మాస్క్‌లో నీళ్లు తీయడం చక్కగా చేసి, విశాఖ దగ్గరి రుషికొండ సముద్రానికి వెళ్లాక తడబడేవాళ్లను చాలామందిని చూశాను. కిట్ తగిలించడం, చేతి సైగలు మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

సమస్య: పైన బాగానే ఉంది, పది మీటర్ల లోతులో గాలి బిగుతుగా వస్తోంది

నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం ఒకటే, సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరుచుకోకపోవడం. వాల్వ్ మొత్తం తెరిచి, పావు తిప్పు వెనక్కి తిప్పే పాత అలవాటు ఒకటుంది. మీరు తెరిచిపెట్టిన వాల్వ్‌ను ఇంకొకరు తెరుస్తున్నాననుకుని మూసేసి, అలవాటుగా పావు తిప్పు వెనక్కి తిప్పారనుకోండి. ఇక తెరుచుకుని ఉన్నది ఆ పావు తిప్పే. గేజ్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపే మీటర్) మాత్రం 200 బార్, అంటే నిండు సిలిండర్ అని చూపిస్తుంది.

నాలుగైదు అడుగుల పూల్‌లో ఆ సందు సరిపోతుంది. పది మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, కాబట్టి ఒక్కో శ్వాసకు రెట్టింపు గాలి రావాలి. ఒకే సిలిండర్ మీద ఇద్దరు పీలిస్తే, అదీ సిలిండర్ సగం ఖాళీ అయ్యాక, అసలు చాలదు. అంటే సరిగ్గా ఎమర్జెన్సీలోనే మొండిచెయ్యి చూపిస్తుంది.

నాకు అలాగే జరిగింది. బడ్డీకి (జతగా దిగే డైవర్‌కి) ఆక్టోపస్ ఇచ్చి రెండు శ్వాసలు తీసుకున్నామో లేదో, ఇద్దరికీ గాలి అందలేదు. పడవ మీద గేజ్ చూశాను, కానీ పీలుస్తూ చూడలేదు.

దిగే ముందు గేజ్ ముల్లు మీద చూపు పెట్టి నాలుగు గట్టి శ్వాసలు తీసుకోండి. అదే సమయంలో బడ్డీని మీ ఆక్టోపస్‌లోంచి పీల్చమనండి. ముల్లు ప్రతి శ్వాసకూ దిగి లేస్తుంటే వాల్వ్‌ను గడియారం ముల్లుకు ఎదురు దిశలో ఆగేదాకా తిప్పండి. వెనక్కి తిప్పొద్దు. అర నిమిషం పని ఇది, దయచేసి మానకండి.

నీళ్లలో తెలిస్తే టెన్షన్ పడి వెనక్కి చేతులు చాపకుండా బడ్డీకి సైగ చేసి, తన ఆక్టోపస్ అందుకోండి. ఊపిరి కుదుటపడ్డాక మీ వాల్వ్ తను చూస్తారు. డైవ్ అక్కడితో ఆపి, నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రండి. కృష్ణలో, కాలువల్లో ఈత నేర్చినవాళ్లకు మునగగానే ఊపిరి బిగబట్టడం అలవాటు. సిలిండర్ గాలి పీల్చి పైకి వస్తూ అలా చేస్తే ఊపిరితిత్తులు చీలిపోవచ్చు, పూల్‌లో అయినా సరే.

సమస్య: ఆక్టోపస్ అందుకోగానే నోట్లోకి నీళ్లు

తలకిందులుగా పెట్టుకున్నారు. సరిగ్గా తిప్పి, పర్జ్ బటన్ (గాలి వదిలి లోపలి నీళ్లను బయటికి నెట్టేది) నొక్కి పీల్చండి. అప్పటికీ వస్తుంటే మౌత్‌పీస్ చిరిగిందేమో చూడండి.

సమస్య: ఎన్నిసార్లు ఊదినా మాస్క్ నిండుతోంది

అంచు కింద జుట్టో, మీసమో ఉంటుంది. లేదంటే నోటితో ఊదుతున్నారు, ముక్కుతో ఊదాలి.

మళ్లీ గాలి బిగుతు సంగతికొస్తే, ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం) ఫిల్టర్ మూసుకుపోవడం అరుదు. వాల్వ్ మొత్తం తెరిచినా ముల్లు ఊగుతుంటే ఆ కిట్‌తో దిగకుండా సర్వీసుకు పంపండి.