"నా వల్ల కాదు" అనిపిస్తున్నప్పుడు ముందు చేతికి పని చెప్పండి

హైదరాబాద్‌లో ఉద్యోగ పరీక్షలకి చదివేవాళ్ళు చేరే అశోక్‌నగర్‌లో ఏ స్టడీ హాల్‌లోకి వెళ్ళినా, తెరిచిన పుస్తకం ముందు ఒకే పేజీ దగ్గర గంటసేపు కూర్చుండిపోయేవాళ్ళు ఒకరిద్దరైనా కనబడతారు. చూసేవాళ్ళు బద్ధకం అనుకుంటారు. నేనూ అలా దాదాపు ఎనిమిది నెలలు కూర్చున్నాను కాబట్టి చెప్తున్నా, అది బద్ధకం కాదు. బద్ధకస్తుణ్ణి సినిమాకి రమ్మంటే హుషారుగా లేస్తాడు. నాకు సినిమా మీదా ధ్యాస లేదు, తిండి మీదా లేదు, ఇంటి నుంచి నాన్న ఫోన్ చేస్తే ఎత్తడానికి కూడా చేయి వచ్చేది కాదు. రెండు పరీక్షలు చేతిదాకా వచ్చి పోయాక, మూడోది రాయకముందే పోయిందని నా లోపల తేలిపోయింది.

దీన్ని సైకాలజీలో లెర్న్డ్ హెల్ప్‌లెస్‌నెస్ అంటారు, అంటే నేర్చుకున్న నిస్సహాయత. ఏం చేసినా ఫలితం మారదని పదే పదే అనుభవమయ్యాక, నిజంగా మారే అవకాశం వచ్చిన రోజున కూడా మనిషి కదలడు. 'నా రాత ఇంతే' అని మనం అనే మాటలో చాలాసార్లు ఉండేది ఇదే.

1967లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు, చదువుతుంటేనే బాధగా ఉంటుంది. కొన్ని కుక్కలకి కరెంట్ షాక్ ఇచ్చారు, పక్కనున్న పలకని తలతో నొక్కితే షాక్ ఆగుతుంది. ఇంకో గుంపుకి కూడా సరిగ్గా అంతే షాక్, అంతే సేపు, కానీ అవి ఏం చేసినా ఆగదు. మర్నాడు అన్నిటినీ మధ్యలో అడ్డు ఉన్న పెట్టెలో పెట్టారు, అడ్డు దూకితే చాలు, తప్పించుకోవచ్చు. మొదటి గుంపు దూకింది. రెండో గుంపులో ఎనిమిదింట ఆరు దూకలేకపోయాయి, కాసేపటికి అక్కడే పడుకుని భరించాయి. రెండు గుంపులూ పడ్డ నొప్పి ఒకటే. తేడా అంతా, తాను చేసిన పనికి ఫలితం వచ్చిందా లేదా అన్నదానిలోనే ఉంది.

ఇప్పుడు తెలంగాణలో పెద్ద ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే గ్రూప్-1 పరీక్ష సంగతి గుర్తు చేసుకోండి. 503 పోస్టులకి 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది, పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది, జూన్ 11న మళ్ళీ రాశారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. రోజుకి పన్నెండు గంటలు చదివినవాడికీ రద్దే, పేరుకి రాసొచ్చినవాడికీ రద్దే. అలాంటి రెండేళ్ళ తర్వాత ఒక అమ్మాయి పుస్తకం ముట్టుకోలేకపోతే ఆమెలో పట్టుదల లేదని అనడం అన్యాయం, నాకు ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంకో విషయం, ఇది తెలిశాక నాకు చాలా తేలికైంది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, అదే సెలిగ్మన్, మేయర్ తమ సిద్ధాంతాన్ని తామే తిరగరాశారు. మెదడు మీద మేయర్ చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, ఎడతెగని కష్టం ఎదురైతే బిగుసుకుపోవడం మెదడుకి పుట్టుకతో ఉన్న స్పందన, దాన్ని ఎవరూ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోవలసింది రెండోది, 'నేను చేస్తే మారుతుంది' అన్నది. నుదుటి వెనక ఉండే మెదడు భాగం ఆ సంగతి పసిగట్టినప్పుడు, లోపల మోగుతున్న అలారంని అదే తగ్గిస్తుంది. అంటే మీలో ఏదో చెడిపోయిందనుకోనక్కర్లేదు. ఒక అనుభవం కరువైంది, దాన్ని కొద్దికొద్దిగా మళ్ళీ పోగేసుకోవాలి.

ముందు ఒకటి చూసుకోండి

దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ రోజులో ఎక్కువసేపు, దాదాపు రోజూ, రెండు వారాలకి మించి ఉంటే, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడితే, నేనెందుకూ పనికిరాను అన్న ఆలోచన వదలకపోతే, అది డిప్రెషన్ కావచ్చు. డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. నిస్సహాయత డిప్రెషన్‌కి ఒక దారి మాత్రమే, ఇంకా చాలా దారులున్నాయి. థైరాయిడ్ తేడా, రక్తహీనత కూడా మనిషిని ఇలాగే పడేస్తాయి, అవి రక్తపరీక్షలో తేలతాయి. మందులు రాస్తే పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే వదిలేయొద్దు. వెళ్ళడానికి మొహమాటమైతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఇది చదవడం ఇక్కడే ఆపి ఆ నంబర్‌కి చేయండి, లేదా పక్క గదిలో ఉన్నవాళ్ళని లేపి చెప్పండి, ఒంటరిగా మాత్రం ఉండొద్దు.

మొదటి పని ఎంత చిన్నదిగా ఉండాలి

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఒక వైపు మీరు ఏం చేసినా మారనివి రాయండి: నోటిఫికేషన్ ఎప్పుడు, కోర్టు ఏమంటుంది, కటాఫ్ ఎంత, మేనమామ కొడుకు జీతమెంత. రెండో వైపు మీ పని వల్ల ఈ రోజే మారేవి. రెండో వైపు మొదట ఖాళీగానే ఉంటుంది, నాదీ అంతే, బలవంతంగా మూడు రాశాను. మొదటి వైపు ఉన్నవాటిని మర్చిపొమ్మని నేను చెప్పను, అది కుదరదు కూడా. వాటికి రోజులో ఒక టైం ఇవ్వండి, సాయంత్రం ఏడు నుంచి ఏడుంపావు దాకా వార్తలు, టెలిగ్రామ్ గ్రూపులు, అంతే. నిజంగా అన్యాయం జరిగిన చోట నలుగురితో కలిసి వినతిపత్రం ఇవ్వడం, కేసు వేయడం కూడా రెండో వైపు రాసుకోదగ్గ పనులే, వాటిని వదులుకోవద్దు.

ఇప్పుడు రెండో వైపు నుంచి ఒకటి తీసుకోండి. ఆ పని ఇరవై నిమిషాల్లో అయిపోవాలి, ఇంకొకరి మీద ఆధారపడకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా ఫలితం కంటికి కనబడాలి. 'ఇవాళ పది గంటలు చదువుతా' అన్నది పనికిరాదు, అది సాయంత్రానికి ఇంకో ఓటమి అవుతుంది. నేను మొదలుపెట్టింది బకెట్‌లో మూడు రోజులుగా నానుతున్న రెండు చొక్కాలతో. ఉతికి మేడ మీద ఆరేశాను. మధ్యాహ్నానికి ఆరాయి. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది, కానీ చాలా రోజుల తర్వాత నేను చేసిన పనికి నేను అనుకున్నట్టే ఒకటి జరిగింది. మర్నాడు పాలిటీలో పది బిట్లు చేసి తప్పులు దిద్దుకున్నాను, ఆ మర్నాడు చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడిచి పేపర్ చదివి వచ్చాను. మీకు ఇంకేదైనా కావచ్చు, కుండీకి నీళ్ళు, షెల్ఫ్‌లో ఒక అర, చెల్లెలికి ఒక లెక్క చెప్పడం.

చేశాక ఒక్క లైన్ రాయండి: ఏం చేశాను, ఏమైంది, చేయకముందు మనసు పదికి ఎంత, చేశాక ఎంత. రెండు నుంచి మూడు అయితే మూడనే రాయండి, పెంచి రాయొద్దు. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగితే అది వచ్చేలా లేదు, ఈ జబ్బులో వరస తిరగబడుతుంది, పని ముందు, మనసు వెనక. డాక్టర్లు దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ పేరుతో చికిత్సగా వాడతారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, సైకాలజిస్టులు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో ఇది చేయించారు. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళకి కూడా మేలు జరిగిందని 2017లో ఆ ఫలితాలు వచ్చాయి.

ఎన్నిసార్లు చేయాలంటే, చాలాసార్లు. ఆ కుక్కల్ని తర్వాత బాగుచేసింది కూడా అలాగే, మెడకి తాడు కట్టి అడ్డు దాటించారు, పదే పదే, మొదట్లో గట్టిగా లాగాల్సొచ్చింది, పోనుపోను తక్కువ బలం సరిపోయింది, చివరికి అవే దూకాయి. పిలిచి, మాంసం ముక్క చూపిస్తే కదలలేదు. మోటివేషన్ వీడియోలు నాకు ఎందుకు పనిచేయలేదో ఇది చదివాక అర్థమైంది.

మాటని చిన్నది చేయడం

పనులు కొంచెం గాడిన పడ్డాక, రెండు మూడు వారాలకి, మీలో మీరు అనుకునే మాటల మీదకి రండి. ఓటమికి మనం చెప్పుకునే కారణం మూడు వైపులా పెరుగుతుందని 1978లో లిన్ అబ్రామ్సన్, సెలిగ్మన్, జాన్ టీస్‌డేల్ రాశారు: తప్పంతా నాదే, ఎప్పటికీ ఇంతే, అన్నిట్లోనూ ఇంతే. 'నేను దేనికీ పనికిరాను' అన్న ఒక్క వాక్యంలో ఈ మూడూ ఉన్నాయి. దాన్ని 'నేను గొప్పవాణ్ణి' అని మార్చొద్దు, మీకే నమ్మకం కుదరదు. నిజం ఎంతో అంతకి కుదించండి: 'ఈ పేపర్‌లో ఎకానమీలో ఇరవై బిట్లకి ఏడే వచ్చాయి, పరీక్ష రద్దవడం నా తప్పు కాదు.' ఏడు వచ్చాయి అంటే ఏం చేయాలో తెలుస్తుంది.

ఒత్తిడి గురించి కూడా ఇదే చెప్తాను. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు పెద్ద చప్పుడు మధ్య జనం చేత పని చేయించారు, కొందరికి చప్పుడు ఆపే బటన్ ఇచ్చారు. దాన్ని నొక్కకపోయినా, అది ఉన్నందుకే వాళ్ళు తర్వాతి పనిలో తక్కువ తడబడ్డారు. మీ రోజులో అలాంటి బటన్లు రెండు పెట్టుకోండి, ఒకే టైంకి లేవడం, సాయంత్రం అరగంట నడక. టీ సాయంత్రం తర్వాత వద్దు.

ఇంట్లోవాళ్ళు చదువుతుంటే వాళ్ళకి: "ఏరా, రిజల్ట్ ఎప్పుడంట?" అని అడగకండి, దానికి వాడి దగ్గర జవాబు లేదు. "కూరగాయలు తేవాలి, నాతో రా" అనండి, ఏ కూర తేవాలో వాణ్ణే తేల్చమనండి. అన్నీ మీరే చేసిపెడితే ప్రేమతోనే అయినా వాడికి మిగిలిన ఆ కాస్త పట్టు కూడా తీసేసినట్టవుతుంది.

మధ్యలో రోజులు తప్పుతాయి. నాకు ఒకసారి వరసగా పదకొండు రోజులు తప్పాయి. అప్పుడు వదిలేసిన పనులన్నీ ఒకేసారి చేయబోకండి, పనిని సగం చేయండి. పది బిట్లు కాకపోతే ఐదు, ఐదూ కాకపోతే ఒకటి, అదీ కాకపోతే కిటికీ తలుపు తెరిచి, తెరిచానని కాగితం మీద రాయండి.