రెండు వర్చువల్ మెషీన్లకు ఒకే మ్యాక్ అడ్రస్: చిక్కు విడిపోయిన తీరు

లక్షణం ఇది: వేర్వేరు హోస్టుల (అసలు కంప్యూటర్ల) మీద ఉన్న రెండు వర్చువల్ మెషీన్లలో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లలో) ఒకటి పింగ్‌కు (ఉన్నావా అని అడిగే చిన్న సందేశానికి) బదులిస్తే రెండోది మూగబోతోంది. ఐపీలు వేరు, కేబుళ్లు బాగున్నాయి.

స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే పెట్టె) ఫ్రేమ్‌లను (డేటా ముక్కలను) పంపేటప్పుడు ఐపీని చూడదు. వచ్చిన ప్రతి ఫ్రేమ్‌లోనూ పంపినవారి మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) చూసి, అది ఏ పోర్టు నుంచి వచ్చిందో టేబుల్‌లో రాసుకుంటుంది. ఒక వీల్యాన్‌లో (స్విచ్‌లో విడిగా చేసిన నెట్‌వర్క్ భాగంలో) ఒక మ్యాక్‌కు ఒకే పోర్టు. చివరగా మాట్లాడినవాడిదే చోటు.

ఆ టేబుల్‌ను కొన్ని సెకన్ల తేడాతో తిరిగి చూస్తే, ఒకే అడ్రస్ 3వ పోర్టు నుంచి 7వ పోర్టుకు, మళ్లీ వెనక్కు మారుతోంది. కేబుల్ లూప్ (కేబుళ్లు వలయంగా కలిసిపోవడం) అయితే సాధారణంగా చాలా అడ్రస్‌లు ఇలా గెంతుతాయి. ఇక్కడ గెంతేది ఒక్కటే, కాబట్టి మ్యాక్‌తో సహా క్లోన్ (నకలు) చేసిన మెషీనే కారణం.

క్లోన్‌ను ఆపి, కొత్త మ్యాక్ ఇచ్చాను. చేత్తో ఇచ్చేటప్పుడు మొదటి బైటు 02 పెట్టడం మేలు: అది లోకల్ (మనమే ఇచ్చుకున్నది), యూనికాస్ట్ (ఒకే మెషీన్‌కు చెందినది). 03 పెడితే మల్టీకాస్ట్ (ఒక గుంపుకు చెందినది) అయి అసలు పనిచేయదు. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగుల్లో పాత మ్యాక్ రాసి ఉంటే అదీ మార్చాలి.

చాలామంది మరిచేది గేట్‌వేలోని (బయటి నెట్‌వర్క్‌కు దారి అయిన రౌటర్‌లోని) ఏఆర్‌పీ కాష్, అంటే ఏ ఐపీకి ఏ మ్యాక్ అన్న జతల జాబితా. కొన్ని రౌటర్లలో పాత జత 4 గంటల దాకా ఉంటుంది, దాన్ని చెరిపేయండి.