చిన్న టూ స్ట్రోక్ డర్ట్ బైక్ ఎక్కే ముందు జాగ్రత్తలు

చంద్రగిరి వైపు యజమాని అనుమతించిన బీడు భూమిలో 65 లేదా 85 సీసీ టూ స్ట్రోక్ బండి నడపడం గొప్ప సరదాయే. అయితే స్టార్ట్ చేసే ముందు పెట్రోలులో ఆయిల్ కలిసిందో లేదో నిర్ధారించుకోవాలి, ఎందుకంటే పిస్టన్‌కూ క్రాంక్ బేరింగులకూ ఆ మిశ్రమం తప్ప వేరే కందెన అందదు. తయారీదారు 40:1 (నలభై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) సూచిస్తే లీటరు పెట్రోలుకు 25 మిల్లీలీటర్ల ఆయిల్ కొలిచే పోయాలి.

ఎర్రమట్టి దుమ్ము పట్టిన ఫోమ్ ఎయిర్ ఫిల్టర్‌ను కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి అమర్చాలి. అంచున వెంట్రుకవాసి సందున్నా దుమ్ము సిలిండర్‌ను గీరేస్తుంది. స్పార్క్ ప్లగ్ కొన తెల్లబడి ఉంటే, జెట్టింగ్ (కార్బురేటర్‌లో పెట్రోలు పాళ్లను నిర్ణయించే అమరిక) సరిచూసే వరకు బండిని తీయనే కూడదు. చైన్, బ్రేకులు, స్పోకులు చూసుకోవాలి.

హెల్మెట్, గాగుల్స్, బూట్లు లేకుండా పిల్లలను ఎక్కించకూడదు. రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డెక్కించక, ట్రాలీ ఆటోలోనే తీసుకెళ్లాలి; శేషాచలం అడవిలోకి మాత్రం అసలే వద్దు.