పతకం రికార్డుకెక్కించే దరఖాస్తుకు ముందు జాగ్రత్తలు

అమెరికా సైన్యంలో చేసి వచ్చిన మీ ఇంటి పెద్దాయన డీడీ-214లో (సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే ధ్రువపత్రం) ఆయనకు దక్కిన పతకం లేదా? కంగారుగా ఫారం నింపకండి.

• ఒరిజినల్ కాగితాలు ఎవరికీ పంపొద్దు, జిరాక్సులే పంపండి.

• దరఖాస్తుకు ముందు ఎస్‌ఎఫ్-180తో (సైనిక రికార్డులు అడిగే ఫారం) సర్వీసు ఫైలు తెప్పించుకోండి. చాలాసార్లు పతకం ఉత్తర్వు ఫైల్లోనే ఉంటుంది, 214లోకి మాత్రం ఎక్కదు. అలాంటి పొరపాటును డీడీ-215 అనే సవరణ పత్రంతో సరిదిద్దుతారు.

• ఫైలే లేదంటే ఆశ వదులుకోవద్దు. 1973 జులైలో అమెరికాలో సెయింట్ లూయిస్ సైనిక రికార్డుల కేంద్రంలో మంటలు లేచి 1.6 కోట్లకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. 1960కి ముందు ఆర్మీ నుంచి వచ్చేసినవాళ్ల కాగితాలే అందులో ఎక్కువ. ఇంట్లోని ట్రంకు పెట్టె వెతకండి: ఉత్తర్వులు, ఉత్తరాలు, యూనిఫాంలో తీసిన ఫొటోలు.

• తోటి సైనికుల వాంగ్మూలం ఇప్పుడే రాయించుకోండి. తేదీ, యూనిట్, చోటు, కళ్లారా చూసింది అందులో ఉండాలి. వాళ్ల వయసు మనకోసం ఆగదు. అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదేనని నా నమ్మకం.

• మామూలు దారిలో పని కాకపోతేనే డీడీ-149 దరఖాస్తు ఫారంతో సైనిక రికార్డుల దిద్దుబాటు బోర్డుకు వెళ్లండి. తప్పు తెలిసిన 3 ఏళ్లలోపు అడగాలి. గడువు దాటితే టెన్షన్ వద్దు, ఆలస్యానికి కారణం నిజాయితీగా రాయండి. న్యాయం కోసం బోర్డు మినహాయింపు ఇవ్వగలదు.