పాతకాలపు అరుదైన ట్రామ్ బండ్ల నమూనా కిట్లు: సమస్య - పరిష్కారం

కాజీపేట జంక్షన్ చప్పుళ్ల మధ్య పెరిగిన మాబోటి వారికి రైలింజన్ల మీద మక్కువ కలగడం సహజమే. కానీ వరంగల్‌లో ట్రామ్ ఎన్నడూ నడవలేదు కనుక, ఆ బండి నమూనా చేయాలని కూర్చున్నప్పుడు ఏమని అడగాలో తెలియక చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. నా అనుభవంలో కిట్ నిజంగా లేని సందర్భాల కన్నా, దాన్ని సరైన పేరుతో అడగని సందర్భాలే ఎక్కువ.

సమస్య: ఎంత వెతికినా సామాన్ల ట్రాలీలే కనిపిస్తున్నాయి

కారణం 'ట్రాలీ' అన్న మాటలోనే ఉంది. మన దగ్గర ట్రాలీ అంటే ట్రాక్టర్ వెనుక తగిలించేది, లేదా ఆటో ట్రాలీ, లేదా రైల్వే సిబ్బంది పట్టాల మీద తోసుకుపోయే బండి. పైనున్న తీగ నుంచి కరెంటు అందుకుంటూ వీధిలో నడిచే బండిని అమెరికాలో ట్రాలీ అనీ, స్ట్రీట్‌కార్ అనీ అంటారు. బ్రిటన్‌లో అదే ట్రామ్, జర్మనీలో స్ట్రాసెన్‌బాన్.

అందువల్ల ట్రాలీ, ట్రామ్ అనే సాధారణ పేరును వదిలి బండి రకం, నగరం, కట్టిన సంవత్సరం పెట్టి వెతకాలి. చిన్న ఊళ్ల కోసం వచ్చిన నాలుగు చక్రాల తేలిక బండి కావాలంటే 'బిర్నీ' అనీ, 1936లో బ్రూక్లిన్‌లో మొదట తిరిగిన నున్నటి బండి కావాలంటే 'పీసీసీ' అనీ, పడవ ఆకారంలో పైకప్పు లేకుండా 1934లో కట్టినది కావాలంటే 'బ్లాక్‌పూల్ బోట్' అనీ అడగాలి. శాన్‌ఫ్రాన్సిస్కో కేబుల్ కారు ట్రాలీ జాబితాల్లో తరచూ కలిసిపోతుంది గాని, అది వీధి కింద కదిలే ఉక్కు తాడును పట్టుకుని నడిచే వేరే జాతి బండి. బండి పేరే తెలియనప్పుడు ఇంగ్లండ్‌లోని క్రిచ్ ట్రామ్ మ్యూజియం, అమెరికాలో 1939లో మొదలైన సీషోర్ ట్రాలీ మ్యూజియం ప్రదర్శించే బండ్ల వివరాలతో మీ దగ్గరున్న ఫొటోను పోల్చి చూడండి.

సమస్య: మోటారు ట్రక్కు పట్టాల మీద కూర్చుంటుంది, పెట్టె కింద ఇమడదు

ట్రక్కు అంటే ఇక్కడ లారీ కాదు, బండి కింద చక్రాలు, ఇరుసులు, మోటారు బిగించిన చట్రం; పెట్టె అంటే దాని మీద కూర్చునే బండి పై భాగం. నేను ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. బ్రిటిష్ ట్రామ్ నమూనాలు ఎక్కువగా 1:76లో (అసలు బండిలో 76వ వంతు), అంటే ఓఓ స్కేలులో ఉంటాయి. అమెరికా, ఐరోపా నమూనాలు ఎక్కువగా 1:87లో, అంటే హెచ్‌ఓలో వస్తాయి. రెండూ నడిచేది 16.5 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) పట్టాల మీదనే కావడంతో, అట్టపెట్టె మీద ఆ అంకె చూసి ఒకదాని కింద మరొకటి సరిపోతుందని అనుకుంటాము. అసలు బండిలో ఇరుసుల మధ్య 7 అడుగుల దూరం ఉంటే అది 1:76లో 28 మి.మీ., 1:87లో 24.5 మి.మీ. అవుతుంది. ఆ మూడున్నర మిల్లీమీటర్ల తేడా వల్ల నేను తెప్పించిన ట్రక్కు చక్రాలు పెట్టె మెట్లకు తగిలి తిరగనే లేదు.

ఆర్డరు పెట్టకముందే అసలు బండి ఇరుసుల దూరాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి, స్కేలుతో భాగించి, వచ్చిన అంకెకు అర మిల్లీమీటరుకు మించి తేడా లేని ట్రక్కునే ఎంచుకోవాలి. గేజ్‌కూ ఇదే లెక్క వేయాలి. లిస్బన్ ట్రామ్ గేజ్ 900 మి.మీ.; 1:87లో అది 10.3 మి.మీ. అవుతుంది కనుక 9 మి.మీ. పట్టా, 12 మి.మీ. పట్టా రెండూ దానికి సరిగ్గా అమరవు. సుమారు 28 అడుగుల బిర్నీ 1:87లో 98 మి.మీ. మాత్రమే ఉంటుంది, 1:48లో 178 మి.మీ. వస్తుంది, మొదటిసారి చేసేవారికి నేను రెండోదే చెబుతాను.

సమస్య: ఎప్పుడు చూసినా స్టాక్ లేదంటారు

రెసిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ పదార్థం), తెల్లలోహపు (తక్కువ వేడికే కరిగే మిశ్రలోహం) కిట్లను చిన్న తయారీదారులు కొద్ది సంఖ్యలో పోసి, అమ్ముడయ్యాక అచ్చు పక్కన పెడతారు. మళ్లీ ఎప్పుడు పోస్తారో నేరుగా వారికే రాసి అడగండి. పాత కిట్ కొనేటప్పుడు విడిభాగాలన్నీ పరిచి తీసిన ఫొటో తప్పక అడగండి. నడవకపోయినా ఫరవాలేదనుకుంటే మినీఆర్ట్ వారి 1:35 ప్లాస్టిక్ ట్రామ్‌లు, స్పెయిన్‌కు చెందిన ఓక్‌క్రే వారి 1:24 చెక్క కిట్లు ఉన్నాయి.

సమస్య: పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది

2021 జనవరి నుంచి అమలైన బొమ్మల నాణ్యతా ఉత్తర్వు 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్‌ఐ గుర్తు కోరుతుంది. అమ్మినవారు పార్సిల్ మీద 'బొమ్మ' అని రాస్తే చిక్కు వస్తుంది. అది పెద్దల కోసం చేసిన స్కేల్ మోడల్ కిట్ అయితే ఆ మాటనే, వయసుతో సహా, బిల్లులో రాయమని ముందే కోరండి. సుంకాన్ని రవాణా ఖర్చు కూడా కలిపి లెక్కిస్తారని గుర్తుంచుకోండి.

సమస్య: పెట్టె వంకరపోయింది, లోహపు ముక్క కరిగింది

మన ఎండలకు రెసిన్ గోడలు వంగుతాయి. బాగా వేడిగా ఉన్న నీళ్లలో కాసేపు ముంచి, గాజు పలక మీద అదిమిపెట్టి, చన్నీళ్లు పోస్తే నిలుస్తాయి. తెల్లలోహాన్ని మామూలు టంకంతో అతికితే ముక్కే కరుగుతుంది. దానికి 70 డిగ్రీల దగ్గర కరిగే టంకం వేరే ఉంది. సన్నని ఇత్తడి కమ్మీల పని చేతకాకపోతే కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనివారిని అడగండి. తీగలను అతకడంలో అంతటి చేయి మరొకటి నేను చూడలేదు.

సమస్య: కావలసిన బండికి కిట్ ఎక్కడా లేదు

1920లో బొంబాయిలో మొదలైన రెండంతస్తుల ట్రామ్ కోసం వెతికినప్పుడు నాకు ఎదురైనది ఇదే. అప్పుడు కింది భాగం కొని, పై భాగం చేత్తో చేసుకోవాలి. అనేక దేశాల నగరాల్లో నాలుగు చక్రాల బండ్ల కింద బ్రిల్ 21ఇ అనే ట్రక్కే ఉండేది కాబట్టి, ఆ పేరుతో వచ్చే ట్రక్కు కిట్ చాలా బండ్లకు పనికివస్తుంది. పెట్టె తీరు గ్రహించడానికి కోల్‌కతా ఎస్‌ప్లనేడ్‌లో 1938 నాటి బండిలో ఏర్పాటైన స్మరణిక ట్రామ్ మ్యూజియం మనకు అందుబాటులో ఉన్న చోటు. పెట్టెకు నిర్మల్ బొమ్మల పొణికి కర్ర తేలికగా, కత్తికి లొంగేదిగా ఉంటుంది. అయితే 1:87లో కిటికీ స్తంభాలు విరిగిపోతాయి కనుక 1:24 ఎంచుకుని, నేల, పైకప్పు పొణికితో చేసి, స్తంభాలకు వెదురు పుల్లలు నిలిపి, అతుకులను చింతగింజల లప్పంతో పూడ్చి, అది పూర్తిగా ఆరాకే రంగు వేయండి.