ర్యామ్ చెడిపోయిందో లేదో తేల్చుకోవడం ఎలా?

కంప్యూటర్ పదేపదే నీలి తెర చూపి రీస్టార్ట్ అవుతున్నా, కాపీ చేసిన జిప్ ఫైళ్లు తెరుచుకోకపోయినా, విండోస్ ఇన్‌స్టాల్ అవుతూ ఒక్కోసారి ఒక్కో చోట ఆగిపోతున్నా ర్యామ్‌ను (కంప్యూటర్ తాత్కాలిక మెమరీని) అనుమానించాలి. ఈ స్థితిలో పాత బ్యాకప్ మీద కొత్త బ్యాకప్ ఎక్కించకండి, ఎందుకంటే చెడిన ర్యామ్ గుండా వెళ్లిన ఫైలు చెప్పాపెట్టకుండా పాడై, బాగున్న కాపీని కూడా చెరిపేస్తుంది.

ఖాళీ పెన్‌డ్రైవ్, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. వేరే కంప్యూటర్‌లో మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, అనుమానం ఉన్న కంప్యూటర్‌ను దానితో బూట్ చేస్తే (విండోస్‌కు బదులు పెన్‌డ్రైవ్ నుంచే ఆన్ చేస్తే) పరీక్ష మొదలవుతుంది. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ మామూలుగా రెండు విడతలతోనే ముగుస్తుంది కాబట్టి, అది "లోపం లేదు" అన్నంత మాత్రాన నేను నమ్మను. మెమ్‌టెస్ట్‌ను కనీసం 4 విడతలు, వీలైతే రాత్రంతా నడపాలి. తెర మీద ఎర్రటి వరుస ఒక్కటి కనిపించినా లోపం ఉన్నట్లే. "ఒక్కటే కదా" అని వదిలేయకూడదు.

అయితే లోపం ఎక్కడుందో తేల్చడమే అసలు పని, చాలామంది తొందరపడేదీ ఇక్కడే. మొదట బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో అనే, ర్యామ్ వేగం పెంచే సెట్టింగును ఆపి పరీక్షను మళ్లీ నడపండి. డీడీఆర్4 రకం ర్యామ్ ప్రామాణిక వోల్టేజీ 1.2 వోల్టులు, ఎక్స్ఎంపీ దాన్ని తరచూ 1.35 వోల్టులకు పెంచి, వేగాన్ని కూడా పెంచుతుంది. ఆపాక లోపాలు మాయమైతే ర్యామ్ మామూలు వేగంలో బాగానే ఉందని, ఆ పై వేగాన్ని ర్యామో, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలరో తట్టుకోవడం లేదని అర్థం.

అప్పటికీ లోపాలు వస్తే కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, క్యాబినెట్ లోహాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకున్నాకే ర్యామ్‌ను ముట్టుకోండి. ఒక్క స్టిక్‌నే (ర్యామ్ పలకనే), ఒకే స్లాట్‌లో ఉంచి పరీక్షించండి. తర్వాత అదే స్లాట్‌లో రెండో స్టిక్ పెట్టండి. స్లాట్, స్టిక్ రెండూ ఒకేసారి మారిస్తే ఏది దోషో ఎప్పటికీ తెలియదు. ఆ స్లాట్‌లో రెండూ నెగ్గితే, వాటిలో ఒకదాన్ని మరో స్లాట్‌లో పరీక్షించాలి. ఒకసారి నా కంప్యూటర్‌లో రెండు స్టిక్‌లూ విడివిడిగా నెగ్గాయి; రెండో స్లాట్‌లో దుమ్ము పోగు కనిపించింది, ఊదితే అక్కడా లోపాలు ఆగిపోయాయి. స్టిక్ పెట్టేటప్పుడు గాడి సరిచూసి, గొళ్లెం టక్‌మనే దాకా సమంగా నొక్కాలి. సగం దిగిన స్టిక్ బాగున్నా చెడినదానిలా కనిపిస్తుంది. బంగారు పూత ఉన్న అంచును రబ్బరుతో రుద్దే అలవాటు మానండి, ఆ పూత చాలా పలుచన. మెత్తటి పొడి గుడ్డే సరైనది.

ఏ స్లాట్‌లో పెట్టినా ఒకే స్టిక్ లోపాలు చూపితే అదే చెడింది. జతగా కొన్నదైతే ఒక్కటే కాక జత మొత్తాన్నీ వారంటీకి పంపండి.