వేడి ఇంజన్ చూసి బండి కొనకండి

పోయిన శనివారం రాత్రి మా మేనల్లుడు కొత్తగా కొన్న సెకండ్ హ్యాండ్ బండి చూపించడానికి ఇంటికొచ్చాడు. ఎర్ర రంగు టర్బో హ్యాచ్‌బ్యాక్, అంటే ఎక్కువ పవర్ కోసం ఇంజన్‌లోకి గాలి ఒత్తి పంపే టర్బో ఉన్న చిన్న కారు. నల్ల చక్రాలు, వెనక లావుపాటి సైలెన్సర్ గొట్టం. వీధిలో పిల్లలంతా మూగారు. రాత్రికి మా ఇంట్లోనే ఉండిపోయాడు. పొద్దున ఆరింటికి స్టార్ట్ చేస్తే రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు గలగలమని చప్పుడు, ఆ వెంటనే నీలం పొగ. మా ఆవిడ అప్పుడే వేసిన ముగ్గు కనపడకుండా పోయింది. మూడు సెకన్లకు చప్పుడు ఆగింది. పొగకు ఇంకాస్త సేపు పట్టింది.

మెకానిక్ వచ్చి చూసి టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వ్‌లు సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) సాగింది, టర్బో సీల్ పోయింది అన్నాడు. ఐదు లక్షల అరవై వేల బండికి లక్షన్నర పని.

"చూడ్డానికి వెళ్లినప్పుడు ఈ చప్పుడు లేదురా?"

"లేదు మామయ్యా. నేను వెళ్లేసరికే స్టార్ట్ చేసి, ఏసీ వేసి రెడీగా పెట్టారు. పాపం మర్యాదస్తులు అనుకున్నా."

ఆ మర్యాదే వాడి కొంప ముంచింది. ఇప్పుడు ఆషాఢం. కన్సల్టెన్సీల దగ్గర బళ్లు కదలవు, రేట్లు దిగుతాయి. శ్రావణం రాగానే అందరూ ఒక్కసారి ఎగబడతారు. ఈ నెల రోజుల్లో చూసిపెట్టుకుని శ్రావణ శుక్రవారం తెచ్చుకుందామనే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను మెకానిక్‌ని కాదు. చుట్టాల బళ్లు చూసిపెట్టే ఉద్యోగం మాత్రం ఇరవై ఏళ్లుగా జీతం లేకుండా చేస్తున్నాను. రంగు చూడండి, గీతలు చూడండి, ఆర్సీ చూడండి లాంటివి అందరూ చెప్తారు, అవి వదిలేస్తున్నా. మామూలు బండి కొన్నవాళ్లని కాస్త తిప్పలు పెట్టి, టర్బో బండి కొన్నవాళ్లని నిండా ముంచే తప్పు ఒకటే ఉంది. వేడి ఇంజన్ చూసి కొనడం.

చల్లగా ఎందుకు చూడాలి

రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌లో ఆయిల్ అంతా కిందికి, సంపులోకి (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి) దిగిపోతుంది. టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. చైన్ సాగినా, టెన్షనర్ అరిగినా, పొద్దున్నే ఆయిల్ పైకి ఎక్కేలోపు ఆ రెండు మూడు సెకన్లే చప్పుడు వినపడుతుంది. ప్రెషర్ రాగానే నోరు మూసుకుంటుంది. వాల్వ్ సీల్స్ సంగతీ ఇంతే. రాత్రంతా చుక్కచుక్కగా లోపలికి కారిన ఆయిల్ పొద్దున మొదటిసారి మండినప్పుడు నీలం పొగగా వస్తుంది. పది నిమిషాలు నడిచాక అదే బండి పసిపిల్లలా అమాయకంగా ఉంటుంది.

ఇంకో సంగతి. ఇంజన్ వేడిగా ఉంటే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మూత తీయలేరు. తీస్తే మొహం కాలుతుంది. లోపల ఉన్నది కంపెనీ చెప్పిన కూలెంటో, బోరు నీళ్లో చూడటం కుదరదు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎంతో ఇంట్లో గీజర్ విప్పిన ప్లంబర్‌ని అడగండి. ఆ తెల్ల పొక్కులే రేడియేటర్లోనూ కడతాయి. టర్బో ఇంజన్ వేడి మీద బతికేది, దానికి రేడియేటర్ పూడుకుపోతే ఇంజన్ పై భాగాన్ని మూసి ఉంచే హెడ్ గ్యాస్కెట్ పాడయ్యే దాకా వెళ్తుంది.

కాబట్టి ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి: "పొద్దున ఏడింటికి వస్తాను, బండి కదపొద్దు." ఆరున్నరకే వెళ్లండి. పలకరింపుల కంటే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే వెనక్కి వచ్చేయండి. "ఇప్పుడే ఒకాయన చూసెళ్లారు సార్", "పార్కింగ్‌లోంచి తీయాల్సి వచ్చింది సార్", "బ్యాటరీ దిగుతుందని ఒకసారి వేశా సార్" అని ఏం చెప్పినా సరే. కొట్లాట అక్కర్లేదు, రేపు వస్తానని చెప్పి వచ్చేయండి.

బానెట్ చల్లగా ఉంటే మీరు స్టార్ట్ చేయకండి. తాళం ఇంకొకరికిచ్చి మీరు బండి వెనక నిలబడండి. మొదటి ఐదు సెకన్లు ఎవ్వరూ మాట్లాడకూడదు. అమ్మేవాడు సరిగ్గా అప్పుడే ఏదో ఒకటి మాట్లాడతాడు, గమనించండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది. తెల్ల ఆవిరి చలికాలం పొద్దున కాసేపు వస్తే తప్పు లేదు. ఎంతకీ తగ్గకుండా తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ కాలుతున్నట్టే. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో టిక్ టిక్ మని సన్నగా వినిపించేది ఇంజెక్టర్ల చప్పుడు, దానికి భయపడక్కర్లేదు. గలగలకే భయపడాలి. తర్వాత ఐదు నిమిషాలు ఐడిల్‌లో వదిలేసి, ఒక్కసారి గట్టిగా రేస్ ఇప్పించండి. అప్పుడు నీలం పొగ గుప్పుమంటే టర్బో మీద అనుమానపడాలి.

గేర్‌బాక్స్‌కి మాత్రం తిరకాసు

ఇంజన్‌ని చల్లగా చూడాలి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని వేడిగా చూడాలి. చాలామంది రెండూ తలకిందులు చేస్తారు. వేడి ఇంజన్ స్టార్ట్ చేసి, ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తోలి, "పికప్ అదిరింది" అని బయానా ఇచ్చేస్తారు.

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐనే తీసుకోండి. మన దేశంలో 2013లో వచ్చింది. 1.2 లీటర్ టర్బో, 105 పీఎస్ పవర్, 7 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఆ గేర్‌బాక్స్ పేరు డీక్యూ200. దాని రెండు క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండవు, పొడి క్లచ్‌లు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిగేటప్పుడు అవి జారుతూ వేడెక్కుతాయి. క్లచ్‌లను నడిపే మెకట్రానిక్ యూనిట్‌లోనూ లోపాలున్నాయి. డీఎస్‌జీ ఇబ్బందుల మీద 2013లో ఒక్క చైనాలోనే 3,84,000కు పైగా ఫోక్స్‌వ్యాగన్ బళ్లు రీకాల్ అయ్యాయి. అందుకని ఈ బండిని పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట లాంటి చోట నలభై నిమిషాలు ఒకసారి చూడాలి. విజయవాడ వాళ్లకు బెంజ్ సర్కిల్ చాలు. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణుకు, ఎత్తు మీద రివర్స్ వేస్తే తడబాటు, గేర్ గుర్తు మినుకు మినుకుమనడం, ఏది కనపడ్డా బేరం ఆడకండి, వదిలేయండి. 2020లో వచ్చిన పోలో 1.0 టీఎస్‌ఐలో డీఎస్‌జీ లేదు. మాన్యువల్ గానీ, 6 గేర్ల టార్క్ కన్వర్టర్ (పొడి క్లచ్‌లు లేని పాత పద్ధతి ఆటోమేటిక్) గానీ ఉంటుంది. నన్నడిగితే డబ్బు కాస్త ఎక్కువైనా అదే మేలు.

ఫియట్ వాళ్ల అబార్త్ పుంటో మీద మోజు పడేవాళ్లు ఇంకా ఉన్నారు. 2015లో వచ్చింది, 1.4 లీటర్ టర్బో, 145 హార్స్‌పవర్. ఆ స్టీరింగ్ ఒకసారి పట్టుకున్నవాళ్లు మర్చిపోరు, నేనూ మర్చిపోలేదు. కానీ ఫియట్ మన దగ్గర 2019లో కార్లు అమ్మడం ఆపేసింది. ముందు ఆ ఇంజన్ తెలిసిన మెకానిక్‌ని వెతుక్కోండి, తర్వాత బండి వెతుక్కోండి. దానిది చైన్ కాదు, టైమింగ్ బెల్ట్. తక్కువ తిరిగిందని సంబరపడకండి, రబ్బరుకు కిలోమీటర్ల లెక్కతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. బెల్ట్ మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే అర్థం.

మారుతి బెలీనో ఆర్‌ఎస్ (2017-20) అంత భయపెట్టదు. బాడీ పార్టులు మామూలు బెలీనోవే చాలావరకు సరిపోతాయి, దాని 1.0 బూస్టర్‌జెట్ టర్బో ఇంజన్ 2023లో మారుతి ఫ్రాంక్స్‌తో మళ్లీ వచ్చింది.

రీమ్యాప్ చేసి మళ్లీ మామూలు చేసిన బళ్లు

ఈ తరగతి బళ్లతో వచ్చే ప్రత్యేకమైన బెడద ఇది. కుర్రాడు ఈసీయూ రీమ్యాప్ చేయించి (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించి) రెండేళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీద చావబాదుతాడు. అమ్మేముందు పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి "స్టాక్ బండి సార్, చెయ్యి పెట్టలేదు" అంటాడు. అరిగిన క్లచ్ మాత్రం అబద్ధం చెప్పదు. మాన్యువల్ అయితే నాలుగో గేర్‌లో నిదానంగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం మాత్రం ఎగిరితే క్లచ్ అయిపోయింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా స్క్రూలు అరిగి ఉన్నాయా, సైలెన్సర్ లైన్‌లో ఒక్క క్లిప్ మాత్రమే కొత్తగా మెరుస్తోందా, ఫ్యూజు బాక్సు దగ్గర టేపు చుట్టిన వైర్లున్నాయా చూడండి.

వెయ్యి రూపాయలు పెడితే ఓబీడీ స్కానర్ వస్తుంది, బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివే పరికరం. కోడ్‌లు ఏమీ లేవని చూపిస్తే మురిసిపోకండి, పొద్దున్నే చెరిపేసి ఉండొచ్చు. అందులో "రెడీనెస్" అని ఒక పేజీ ఉంటుంది. అక్కడ చాలావరకు "పూర్తి కాలేదు" అని వస్తే, ఈమధ్యనే చెరిపారన్నమాట, లేదా బ్యాటరీ తీసిపెట్టారన్నమాట. అదే స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్ చూడండి. రాత్రంతా ఆగిన బండి అయితే ఆ అంకె బయటి వేడికి దగ్గరగా ఉండాలి. బయట 27, లోపల 68 అంటే, బానెట్ మీద నీళ్లు చల్లి తుడిచినా మీరు మోసపోరు. నిజంగానే నీళ్లు చల్లుతారు, చూశాను.

ఇక మిగిలినవి, గుర్తొచ్చిన వరసలో

వరద బళ్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు. అప్పుడు మునిగిన బళ్లన్నీ తుక్కుకి పోలేదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. చివరి జానెడులో బురద గీత ఉంటుంది, దాన్ని కడగాలని ఎవరికీ తోచదు. స్టెపినీ తీసి ఆ గుంటలో వేలు పెట్టండి. సీటు పట్టాల తుప్పు చూడండి. లోపల మల్లెపూల సెంటు గుప్పుమంటే అద్దాలు దించి, పది నిమిషాలాగి మళ్లీ వాసన చూడండి.

టైరు మీద నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైరు మీద ఎంత గాటు ఉన్నా వానలో పనికిరాదు. కొత్త టైర్ల ఖర్చు బేరంలో తగ్గించండి.

బండి కిందికి వంగి చూడండి. ఇవి నేలబారు బళ్లు, మన స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట రాసుకుంటాయి. ఆయిల్ సంప్ సొట్టపడి ఉంటే వదిలేయండి.

ఇంజన్ ఫౌండేషన్లు (ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) పోయాయా? బ్రేకు తొక్కి గేరులో పెడితే వచ్చే కుదుపుతో తెలుస్తుంది.

"డాక్టర్ గారి బండి", "సింగిల్ హ్యాండ్", "షోరూమ్ ట్రాక్" ఈ మూడూ ఒకే ప్రకటనలో ఉంటే మరీ జాగ్రత్త. సర్వీసు బిల్లుల్లో తేదీ, రీడింగ్ వరసగా పెరుగుతున్నాయో లేదో చూడండి. బ్రేకు పెడల్ రబ్బరు బోడిగా అరిగి మీటరు 32,000 చూపిస్తే, అబద్ధం చెప్పేది రబ్బరు కాదు.

ఫైనాన్స్ ఉన్న బండికి ఫారం 35 (ఆర్సీ మీద లోన్ తీసేయించేది), బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి రాకుండా డబ్బు మొత్తం ఇవ్వకండి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద తేదీ వేయని సంతకాలు ఒప్పుకోకండి. చలాన్లు మీరే ఫోన్‌లో చూడండి, వాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ కాదు. ఢిల్లీ, బెంగళూరు బండి చవకగా వస్తోందంటే ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేయండి.

ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించండి. పాత ఓనరు పేరుతో ఉంచి గుద్దితే మీ బండి రిపేరుకు రూపాయి రాదు. అతని నో క్లెయిమ్ బోనస్ మీది కాదు.

ముహూర్తం ముందు పెట్టుకోకండి. "శుక్రవారం పదిన్నరకు రాహుకాలం సార్, ఈలోపే తాళం తీసుకోండి" అని తొందరపెడతారు. పూజ తర్వాతైనా చేయొచ్చు.

ఉన్న డబ్బంతా బండి ధరకే పోయకండి. ధరలో ఇరవై శాతం పక్కన ఉంచండి. లేకపోతే కొనకండి.

మీ మెకానిక్‌ని తీసుకెళ్లండి. వాళ్ల మెకానిక్‌ని నమ్మకండి. మీ మెకానిక్‌ని కూడా పొద్దున్నే తీసుకెళ్లండి.

కొన్న వారంలో ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, బ్రేక్ ఆయిల్ మార్చేయండి. ఎప్పుడు మార్చారని అడగొద్దు, మార్చేయండి. ఆయిల్ ఫుల్లీ సింథటిక్, మాన్యువల్ బుక్కులో రాసిన గ్రేడే. పది వేల కిలోమీటర్ల దాకా ఆగకండి, ఏడు వేలకే దించండి. వారానికోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) చూడండి.

ఇంజన్ వేడెక్కేదాకా తొక్కకండి. హైవే దిగి వచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. టర్బో తిరిగే వేగానికి, ఆ వేడికి దానికి ఆయిలే దిక్కు.

మీ స్నేహితుడి బండి అయినా సరే, బావమరిది బండి అయినా సరే, చెయ్యి పెట్టి చూడండి.

రాత్రిపూట బండి చూడకండి. వానలో చూడకండి. తడి బండికి గీతలు కనపడవు, తడి బానెట్‌కి వేడి తెలియదు.

మా మేనల్లుడి బండి ఇంకా షెడ్డులోనే ఉంది. నిన్న వాడి స్నేహితుడొకడు ఫోన్ చేసి, ఇంకో చోట తెల్ల బండి ఉంది, సాయంత్రం వెళ్లి చూసొస్తామన్నాడు. పొద్దున వెళ్లమన్నాను.